వెండి నల్లబడిన చోటు

214వ రోజు

పొద్దున డ్యూటీ ఎక్కేసరికి మూడో థర్మామీటర్ 388 డిగ్రీలు చూపిస్తోంది. రెండోది 291కి పడిపోయింది. మూడుసార్లు చూశాను. వేలితో తట్టాను. తీగలు విప్పి ఒకదాని బదులు ఒకటి పెట్టాను. అంకెలు మారలేదు.

డ్యూటీ రిజిస్టర్‌లో అంకెలకే గడులున్నాయి, భయం రాయడానికి లేదు. అందుకే ఈ పుస్తకం విడిగా మొదలుపెట్టాను.

నా పేరు స్వరూప. కొత్తగనిలో రియాక్టర్ చూసుకునేది నేను. అంగారకుడి మీద ఒక లావా సొరంగానికి రెండు వైపులా మూతలు బిగించి ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటున్నాం. నూట ఎనభై ఆరు మందిమి. పెద్దవాళ్లు చాలామంది మంచిర్యాల, గోదావరిఖని వైపు బొగ్గు గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లే. మంచు దొరికే చోటు ఇక్కడికి తొమ్మిది వందల కిలోమీటర్లు. కాబట్టి మేం వదిలిన ఊపిరినే హైడ్రోజన్‌తో కలిపి నికెల్ గుళికల మీదుగా పంపుతాం. నీళ్లొస్తాయి. ఆ నీళ్లను కరెంటుతో విడగొడితే మళ్లీ ఆక్సిజన్. ఆ గుళికలు లేకపోతే వాయువులు రెండూ పక్కపక్కనే ఏళ్ల తరబడి ఊరికే ఉంటాయి, కలవవు.

రియాక్టర్ అంటే నాకన్నా కొంచెం పొడుగున్న నిలువు గొట్టం. పైనుంచి కింది దాకా ఏడు థర్మామీటర్లు. వాయువు పైనుంచి దిగుతుంది. పని దాదాపు మొత్తం పైభాగంలోనే అయిపోతుంది కాబట్టి వేడి ఎప్పుడూ రెండోదాని దగ్గరే ఉంటుంది. అది కిందికి జరిగిందంటే పైనున్న గుళికలు చచ్చిపోయాయని అర్థం. ఏడోది కూడా దాటిన రోజు వాయువు ఎలా వెళ్లిందో అలాగే బయటికి వస్తుంది. నీళ్లు రావు.

కొత్త గుళికలు తెచ్చే నౌకకు ఇంకా నూట అరవై మూడు రోజులు.

217వ రోజు

ఓదెలు బాపుకు చెప్పాను. గొట్టాలు, వాల్వులు, జాయింట్లు ఆయన చేతిలోనే ఉంటాయి. అరవై ఆరేళ్లు. బస్తీలో అందరికీ ఆయన బాపే. మొదటి నౌకలో వచ్చినవాడు. గనుల్లో పీల్చిన దుమ్ము ఇంకా ఊపిరితిత్తుల్లోనే ఉంది. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి ఆగుతాడు.

"ఏందే బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

"గుళికలు సస్తున్నయ్ బాపూ. గంధకం అనుకుంటున్న. వాయువుల ఎక్కడ్నో కలుస్తున్నది."

"గంధకం ఏం జేస్తది?"

"గుళిక మీద వాయువు వచ్చి కూసుంటది, పని చేసుకొని లేస్తది. ఆ జాగల ఇంకోటి కూసుంటది. గంధకం కూసుంటే లేవదు."

బాపు నవ్వాడు. "చిన్నప్పుడు బస్సు ఆగంగనే కిటికీలకెల్లి రుమాలు ఏసేటోళ్లం. రుమాలు పడ్డ సీట్ల ఇంకెవ్వడు కూసోవద్దు. గట్లనేనా?"

"గట్లనే. కానీ ఈ రుమాలు ఎవలు ఏస్తున్నరో తెల్వట్లేదు."

బయటి నుంచి వచ్చే దుమ్ము, గంధకం అన్నీ పట్టుకోవడానికి లైను మొదట్లో శుద్ధి డబ్బా ఉంది. ఇద్దరం కలిసి విప్పాం. లోపలి పొడి ఇంకా గంధకంతో నిండిపోకుండా తెల్లగానే ఉంది. అది తన పని తాను చేస్తోంది. అక్కడ తప్పు దొరికి ఉంటే బాగుండేది.

220వ రోజు

వేడి నాలుగో థర్మామీటర్ దగ్గరికి వచ్చింది. ఆరు రోజులకు ఒకటి. ఇలాగే సాగితే 238వ రోజుకు ఏడోది.

బస్తీ పెద్ద భూలక్ష్మక్క దగ్గరికి వెళ్లాను. ఆమె వంటశాల లెక్క చూస్తూనే విన్నది.

"వేడి పెంచితే మిగిలిన గుళికలు జోరుగ పనిచేస్తయ్ గదా? పోయిన చలిల పెంచినం."

"జోరుగ పనిచేస్తే ఇంక వేడైతది అక్కా. వేడైతే ఇంక జోరు. ఎక్కడ ఆగుతదో నేను చెప్పలేను. ఐదు వందల యాభై దాటితే నికెల్ రేణువులు ఒకదానికొకటి అతుక్కోని ముద్దయితయ్. ఉన్నయి గూడ పోతయ్."

"మరి ఏం జేద్దాం?"

"గంధకం ఎక్కడ్నించి వస్తున్నదో పట్టాలె. అప్పటిదాక ఎవ్వరికి చెప్పకుండ్రి."

చెప్పొద్దన్నది నేనే. భయపడతారని కాదు. ఎందుకైంది అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేక.

అన్నం సహించడం లేదు. కూర్చున్నచోటే నా ఊపిరి నేనే లెక్కపెట్టుకుంటున్నాను. నిమిషానికి ఇరవై రెండు. ఇంత ఎక్కువ ఎందుకు పీల్చుతున్నానా అని సిగ్గుగా ఉంది.

222వ రోజు

గంధకాన్ని కొలిచే పరికరం పోయిన ఏడాదే పాడైంది. కొత్తది కూడా ఆ నౌకలోనే రావాలి. పొద్దున క్యాంటీన్‌లో సుగుణ నా ఎదురుగా కూర్చుంది. తవ్వకాల మేస్త్రీ రాజలింగు భార్య. ఏడో నెల. కాళ్లు వాచాయని మెట్టెలు తీసి బల్ల మీద పెట్టి వేళ్లు రుద్దుకుంటోంది.

వెండి. గంధకం సోకితే వెండి నల్లబడుతుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు, నాకు ఎనిమిది రోజులుగా తట్టలేదు.

"సుగుణా, అవి నాకు రెండు రోజులిస్తవా?"

"మెట్టెలా? ఏం జేస్తవ్ అక్కా?"

చెప్పక తప్పలేదు. నిజం మొత్తం కాదు గానీ చాలావరకు చెప్పాను. సుగుణ నా ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా నా చేతిలో పెట్టింది. మధ్యాహ్నానికి విషయం బస్తీ అంతా పాకింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మెట్టెలు, పసిపిల్లల మురుగులు, ఒక ముసలవ్వ అరిగిపోయిన కడియం. రియాక్టర్ గది బల్ల మీద అంత వెండి చూస్తే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగి ఇస్తానో లేదో అని ఒక్కరూ అడగలేదు.

శుద్ధి డబ్బా నుంచి రియాక్టర్ దాకా లైనులో ఏడు చోట్ల వాయువు పట్టి చూసుకునే పిడికిలంత గదులున్నాయి. అన్నింటినీ తోమి, బాగా మెరిసినవి ఏరి ఏడింట్లో వేలాడదీశాను. చివరిదాంట్లో సుగుణ మెట్టె.

224వ రోజు

ఇవాళ తెరిచాం. బాపు ఒక్కొక్క మూత విప్పుతుంటే నేను పట్టకారతో బయటికి తీశాను.

శుద్ధి డబ్బా పక్కనున్న మొదటిది తళతళలాడుతోంది. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగోది పసుపు తిరిగింది. ఐదోది గోధుమ రంగు. ఆరోది ఊదా. ఏడోదాంట్లో సుగుణ మెట్టె బొగ్గులా ఉంది.

అంటే గంధకం బయటి నుంచి రావడం లేదు. శుద్ధి అయిన తర్వాత, వాయువు వేడెక్కే చోట, మా గొట్టంలోనే పుడుతోంది. మూడో గదికి, ఏడో గదికి మధ్య ఆరు జాయింట్లు తప్ప ఇంకేమీ లేవు.

బాపు చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. ముఖం తెల్లబోయింది.

"గాస్కెట్లు" అన్నాడు. జాయింట్ల మధ్య వాయువు కారకుండా పెట్టే రింగులు.

"దేంతోని కోసినవ్ బాపూ?"

"బెల్టు ముక్క. తవ్వకం కాడి కన్వేయర్ బెల్టు. రబ్బరు."

రబ్బరు గట్టిపడాలంటే అందులో గంధకం కలపాలి. రెండు వందల డిగ్రీల దగ్గర అది మెల్లగా మాడుతూ గంధకాన్ని వాయువులోకి వదులుతుంది. మొదట్లో కొద్దిగా వదిలి ఉంటుంది. మాడే కొద్దీ ఎక్కువ.

ఆయన నా వైపు చూశాడు. నేను రిజిస్టర్ వైపు నడిచాను.

ఈ ఏడాది రిజిస్టర్‌లో 61వ రోజు పేజీ. ఆ రోజు ఆ జాయింట్లలోంచి హైడ్రోజన్ కారింది. ఒక్క నిప్పురవ్వ పడితే సొరంగం సగం లేచిపోయేది. అసలు గాస్కెట్లు అయిపోయాయి. బాపు నాలుగు గంటల్లో ఆరు జాయింట్లూ మూశాడు. పేజీలో "ఆరు గాస్కెట్లు మార్చబడినవి" అని ఉంది. దేనితో చేసినవి అన్న గడి ఖాళీ. కింద నా సంతకం.

ఇంకొకటి కూడా గుర్తుంది. అది పేజీలో లేదు. ఆ రోజు బాపు తలుపులోంచి, "బిడ్డా, బెల్టు ముక్క కోసి పెడుతున్న" అని అరిచాడు. నేను, "ఏదో ఒకటి పెట్టు బాపూ, తొందరగ" అన్నాను.

గుళికలకు ఏది పడదో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నేను చదువుకున్నదే అది.

225వ రోజు

లోపలి హాలులో సభ. పిల్లలు తప్ప అందరూ వచ్చారు. భూలక్ష్మక్క ఉన్నదున్నట్టు చెప్పింది. గుళికలు చనిపోతున్నాయని, కారణం గాస్కెట్లని.

రాజలింగు లేచి నిలబడ్డాడు. చేతిలో నల్లబడిన మెట్టె ఉంది.

"ఇది నా పెండ్లాం కాలిది. దీన్నే గిట్ల జేసింది, రేపు కడుపుల ఉన్న పొల్లనో పోరన్నో ఏం జేస్తది? ఓదెలు బాపూ, ఎవల్ని అడిగి పెట్టినవ్ ఆ రబ్బరు?"

బాపు లేవడానికి గోడ పట్టుకున్నాడు. "నేనే పెట్టిన. నా తోని తప్పయింది."

"తప్పయిందంటే అయిపాయెనా? నూట ఎనభై ఆరు పానాలు!"

వెనక నుంచి ఇంకో ఇద్దరు అందుకున్నారు. ముసలితనంలో కూడా పనులు వదలడని ఒకరు, అన్నీ తనకే తెలుసనుకుంటాడని ఇంకొకరు. బాపు తల దించుకుని నిలబడ్డాడు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నా పేరు బయటికి వస్తుందని చూడలేదు.

నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు.

226వ రోజు

వేడి ఐదో థర్మామీటర్ దగ్గరుంది. గొట్టం చుట్టూ నీళ్లు తిరిగే చొక్కా నాలుగోదాని దాకే ఉంటుంది. వేడి ఎప్పుడూ పైనే పుడుతుందని అంతవరకే కట్టారు. ఇప్పుడు చల్లార్చేది లేని చోట వేడి పుడుతోంది. ఐదోది 447. గొట్టం గోడ రంగు మారుతోంది. గంధకం ఆపితే చాలదు. మిగిలిన మంచి గుళికలను పైకి, చొక్కా ఉన్న చోటికి తేవాలి. అంటే రియాక్టర్ ఆపి, విప్పి, ఖాళీ చేసి, మళ్లీ నింపాలి.

టిఫిన్ వేళ క్యాంటీన్ నిండుగా ఉంది. బాపు ఒక్కడే చివరి బల్ల దగ్గర. చుట్టూ ఖాళీ కుర్చీలు. నేను ప్లేటు కింద పెట్టి నడుమ నిలబడ్డాను. 

"నిన్న చెప్పాల్సింది, ఇయ్యాల చెప్తున్న. రబ్బరు పెడుతున్న అని బాపు నాకు ఆ రోజే చెప్పిండు. ఏదో ఒకటి పెట్టుమన్నది నేను. సంతకం నాది. గంధకం సంగతి ఆయనకు తెల్వది, నాకు తెలుసు."

రాజలింగు నా మీదికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"మరి నిన్న నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

"భయమైంది" అన్నాను.

భూలక్ష్మక్క మా ఇద్దరి మధ్యకు వచ్చింది. "తిట్టుకునుడు తర్వాత జూద్దాం. దానికి గూడ ఊపిరి ఖర్సయితది. స్వరూపా, రియాక్టర్ ఆపితే ఎన్ని రోజులు బతుకుతం?"

"ట్యాంకుల ఉన్నది తొమ్మిది రోజులకు. అందరు పండుకోని ఉంటే."

"నీకెన్ని రోజులు కావాలె?"

"ఎనిమిది."

ఎనిమిది సరిపోతాయో లేదో నాకే తెలియదు. తొమ్మిది అంటే ఒప్పుకోరని ఎనిమిది అన్నాను.

228వ రోజు

రియాక్టర్ ఆపాం. నేను వచ్చిన పదకొండేళ్లలో ఆ గదిలో పంపులు కూడా ఆగడం ఇదే మొదటిసారి.

తవ్వకాలు బంద్. బడి బంద్. అందరూ పక్కల మీదే ఉండాలి. గట్టిగా మాట్లాడొద్దు. గాలిలో ఆక్సిజన్ ఇరవై ఒక్క శాతం నుంచి పదిహేడుకు తగ్గించాం. మెట్టు ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి.

బాపు కొత్త గాస్కెట్లు మొదలుపెట్టాడు. ఈసారి రాగి రేకు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, ఎంత వేడికైనా మాడదు. పది నిమిషాల పని, ఇరవై నిమిషాల ఆయాసం. రోజుకు ఒక్క రింగు. నేను సాయం చేయబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఏం రేకిది, ఎక్కడిది, ముందుగాల అది రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.

230వ రోజు

ఈ రోజు జరిగింది రాత్రి కూర్చుని రాస్తున్నాను.

పనిచేసే నికెల్ గుళికకు ఆక్సిజన్ తగిలితే దానంతట అదే అంటుకుంటుంది. సొరంగంలో విప్పితే అందరం కాలిపోతాం. బయట ఆక్సిజన్ లేదు. మనిషిని నిమిషంలో చంపే ఆ గాలిలో గుళికలు క్షేమంగా ఉంటాయి. అందుకని గొట్టాన్ని రెండు వైపులా మూసి, క్రేన్‌తో బయటికి పోయే రెండు తలుపుల గాలిగది దాటించి, ఎర్ర దుమ్ములోకి తెచ్చాం.

నాతో రావడానికి ఇంకొకరు కావాలి. బాపు వస్తానన్నాడు. డాక్టర్ వీల్లేదన్నాడు. చివరికి రాజలింగు ముందుకు వచ్చాడు. "నీ మీద నమ్మకం ఉండి కాదు. లోపల పండుకుంటే పిచ్చి లేస్తున్నది" అన్నాడు.

సూట్లు వేసుకుని ఐదు గంటలు పనిచేశాం. కింది మూత విప్పి, ఏ లోతులోని గుళికలు ఆ ట్రేలోకి. ఏడు ట్రేలు. చచ్చినవీ బతికినవీ చూడటానికి ఒక్క తీరుగానే ఉంటాయి, నల్లగా, మిరియాల్లాగా. ఎంత లోతులోంచి వచ్చాయన్నదే గుర్తు. కింది రెండు ట్రేలు మాత్రమే బతికున్నవి. మొత్తంలో మూడో వంతు కూడా లేవు.

వాటిలో నల్లరాతి నూక కలిపాం. ఒక్కచోటే ఉంటే వేడి అంతా అక్కడే పుడుతుంది. రాయి కలిస్తే మీటరు పొడవునా పంచుకుంటాయి. చొక్కా ఉన్న చోటనే నింపి, కింద ఉట్టి రాయి పోసి, మూతలు బిగించాం.

వెనక్కి వచ్చి గాలిగదిలో నిలబడ్డాం. తలుపు మూసి లోపలికి గాలి వదిలాను. గేజి సగానికి వచ్చిందో లేదో, రాజలింగు కుడి మణికట్టు దగ్గర ఎర్రటి చుక్క. ఇంకొకటి. గ్లవ్ మడతల్లో ఇరుక్కున్న గుళికలు. ఆక్సిజన్ తగలగానే కణికల్లా మెరుస్తున్నాయి.

"స్వరూపా! స్వరూపా!"

దులపబోయాడు. రెండో చేతికి అంటుకుంది. సూటు గుడ్డ పొగలేస్తోంది. నేను గాలి వాల్వు మూసి, బయటి వాల్వు పూర్తిగా తెరిచాను. వదిలిన గాలంతా ఒక్క ఊపున బయటికి పోయింది. చుక్కలు ముదురు ఎరుపుకు, తర్వాత నలుపుకు తిరిగాయి. అలా మేం పారబోసుకున్న ఆక్సిజన్, నూట ఎనభై ఆరు మందికి పన్నెండు నిమిషాలది.

సూటు పైపొర కాలింది. లోపలి పొర నిలిచింది. అది కూడా పోయి ఉంటే నేను గాలి తీసేసిన క్షణమే అతను చనిపోయేవాడు. ఆ సంగతి నాకు వాల్వు తిప్పే ముందే తెలుసు. తిప్పాను.

ఒకరినొకరు బ్రష్‌తో గంటసేపు దులుపుకున్నాం. లోపలికి వచ్చి హెల్మెట్ తీశాక రాజలింగు నేల మీద కూర్చుండిపోయాడు.

"అప్పుడు నీకు ఆలోచించుకునే టైం ఉండెనా?" అన్నాడు.

"లేకుండె."

కాలిన గ్లవ్ ఊడదీసి పక్కన పెట్టాడు. "బాపుకు గూడ ఆ రోజు లేకుండెనేమో."

233వ రోజు

బాపు పడిపోయాడు. ఆరో రింగు పూర్తి చేసి, బిగించి, నాకు చూపించి, లేవబోయి కూలాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మాకు పదిహేడు శాతం అంటే తలనొప్పి. ఆయనకు అది గొంతు నులిమినట్టే. ఐదు రోజులుగా చెప్పలేదు.

ఆస్పత్రి గదిలో మాస్కు పెట్టారు. పక్క మంచంలో సుగుణ. ఉన్న ఆరు సిలిండర్లు ఇద్దరికీ వాడుతున్నారు.

నేను వెళ్లేసరికి కళ్లు తెరిచి ఉన్నాడు. మాస్కు పక్కకు జరిపి, "క్యాంటీన్ల ఎందుకు చెప్పినవ్? నన్ను అన్నరు, అయిపాయె. నిన్ను నమ్మకపోతే రియాక్టర్ ఎవలు నడుపుతరు?"

"చెప్పకపోతే నేనే నడపలేకపోదును బాపూ."

మాస్కు మళ్లీ పెట్టాను. నేను పట్టుకున్న చేతిని బాపు వెనక్కి తీసుకోలేదు.

234వ రోజు

మిగిలిన గుళికలు తక్కువ కాబట్టి గొట్టం ఒక్కసారి దాటితే సగం వాయువు కూడా మారదు. అందుకని బయటికి వచ్చినదాన్ని చల్లార్చి, నీళ్లు తీసేసి, మిగిలినది పంపుతో మళ్లీ పైకి పంపేలా లైను వేశాను. నీళ్లు ఎప్పటికప్పుడు తీసేస్తుంటే చర్య ఇంకా ముందుకు సాగుతుంది. కాగితం మీద నూట అరవై మందికి సరిపోయేంత వస్తోంది. పని సగం చేసి, విశ్రాంతి ఎక్కువ తీసుకుంటే నూట ఎనభై ఆరు మందికి సరిపోతుంది. కాగితం మీద.

236వ రోజు

ఉదయం పది. ట్యాంకుల్లో ముప్పై ఒక్క గంటలు.

గదిలో నేను, భూలక్ష్మక్క, రాజలింగు. హీటర్లు వేశాను. రెండు వందల యాభై దగ్గర గుళికలు అందుకోవాలి. అందుకుంటే వేడి దానంతట అదే పెరుగుతుంది.

250. ఏమీ లేదు. 260. 270. ఎక్కడైనా గంధకం మిగిలిందా? చచ్చినవాటి ట్రే, బతికినవాటి ట్రే తారుమారు చేశానా? ట్రేల మీద నంబర్లు నేనే వేశాను. ఒకటి అంకెను రాజలింగు ఏడుగా చదివాడా?

"ఎంత దాక పోతవ్?" భూలక్ష్మక్క అడిగింది.

"పట్టేదాక."

285. 295. 304 దగ్గర రెండో థర్మామీటర్ కదిలింది. 311. 330. హీటర్లు కట్టేశాను. అయినా ఎక్కుతూనే ఉంది. 390. 430. ఆలస్యంగా అంటుకుంది కాబట్టి ఒక్కసారిగా అంటుకుంది. 470. 505.

"స్వరూపా, ఆపు!"

హైడ్రోజన్ పూర్తిగా ఆపితే ఆరిపోతుంది. మళ్లీ వెలిగించడానికి ముప్పై ఒక్క గంటలు చాలకపోవచ్చు. ఆపకపోతే ముద్దవుతుంది. వాల్వును సగానికి తిప్పాను. సగమే. 521. 530. గొట్టం చుట్టూ ఉన్న చొక్కాలో నీళ్లు మరుగుతున్న చప్పుడు. 534.

534.

529.

ఎవరూ కదల్లేదు. 480. 430. మెల్లగా, చాలా మెల్లగా 395 దగ్గర నిలిచింది. చల్లార్చే గొట్టం కింద గాజు కిటికీ పొగమంచు పట్టినట్టయింది. తర్వాత ఒక బొట్టు. ఇంకో బొట్టు. తర్వాత సన్నటి ధార.

భూలక్ష్మక్క మైకు అందుకుని, "నీళ్లచ్చినయ్" అని మాత్రం చెప్పింది. ఆ ఒక్క మాటకే ఆమెకు ఆయాసం వచ్చింది.

గట్టిగా మాట్లాడొద్దన్న ఆర్డరు ఇంకా ఉంది. ఎవరూ కేక పెట్టలేదు. కొద్దిసేపటికి గోడ వెంట పోయే గొట్టం టక్ మంది. ఎవరో మంచం మీద నుంచే కొట్టారు. ఇంకొకరు కొట్టారు. చెంచాలతో, గాజులతో, వేళ్ల కణుపులతో, బస్తీ ఆ చివర నుంచి ఈ చివర దాకా గొట్టాలన్నీ మోగాయి. రాజలింగు చెవి గొట్టానికి ఆనించి ఆస్పత్రి వైపు లైను వినిపిస్తోందేమోనని చూశాడు. చేయెత్తి నన్ను పిలిచాడు. నేనూ చెవి పెట్టాను. ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక దెబ్బ. ఊపిరి తీసుకుని, కూడదీసుకుని కొడుతున్నట్టు.

248వ రోజు

ఆక్సిజన్ ఇరవై ఒకటికి వచ్చి మూడు రోజులైంది. బడి ఒక్కపూట నడుస్తోంది. తవ్వకాలకు నౌక వచ్చేదాకా సెలవు. పూర్తి పనికి సరిపడా ఊపిరి మా దగ్గర లేదు. సగం పనికి సరిపోవాల్సిన ఊపిరి కూడా ఒక్కోసారి అంచుల్లోనే ఉంటోంది. రోజూ పొద్దున గది తలుపు తీసే ముందు అదే భయం. అది పోతుందని అనుకోవడం లేదు.

గాస్కెట్ల తప్పుకు భూలక్ష్మక్క నాకు శిక్ష వేసింది. వారానికి మూడు గంటలు, గొట్టాలు ముట్టుకునే ప్రతివాళ్లకూ గుళికలు దేన్ని ఓర్చుకుంటాయి, దేన్ని ఓర్చుకోవు అనేది నేర్పాలి. మొదటి తరగతికి ఇరవై ముగ్గురు వచ్చారు. సగం మంది ఇంకా నాతో సరిగా మాట్లాడరు.

బాపు ఇక పనిలోకి రాలేడని డాక్టర్ చెప్పాడు. మంచం దిగి నడవనిస్తే చాలని బాపు అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి క్యాంటీన్ దాకా నడిచాడు. నేను గది గుమ్మంలో నిలబడి చూశాను. పదకొండు అడుగులు వేస్తే ఆగాలి. రాజలింగు ఒక ఇనుప కుర్చీ భుజాన వేసుకుని వెనకే వస్తున్నాడు. బాపు ఆగగానే కుర్చీ దించి వెనక పెట్టాడు. బాపు కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక బాపు లేచాడు. రాజలింగు కుర్చీ ఎత్తుకున్నాడు. మళ్లీ పదకొండు అడుగులు.